అల్లం సోడా ఎప్పటికి పులుస్తుంది? ఈస్ట్‌ని చూసి టైము చెప్పే పద్ధతి

విజయనగరంలో మే నెల. మధ్యాహ్నం మూడింటికి వంటింట్లో ఏదో పేలిన చప్పుడు. పరుగున వెళ్ళి చూస్తే అలమర కింద అరలో పెట్టిన గాజు సీసా ముక్కలైపోయి ఉంది. ఇల్లంతా అల్లం వాసన, గుమ్మం దాకా గాజు పెంకులు. అప్పుడక్కడ ఎవరూ లేరు. కానీ పది నిమిషాల ముందే మా అమ్మ అదే అరలోంచి కందిపప్పు డబ్బా తీసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికిన పద్ధతిలో "ఐదు రోజులు ఉంచండి" అని ఉంది. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సీసా మూడో రోజుకే పేలింది. ఆ పద్ధతి 20 డిగ్రీల చల్లటి ఇంటికి రాసింది. మా వంటింట్లో ఆ రోజు 36 డిగ్రీలు.

అమ్మ పెంకులు ఏరుతూ ఒకే మాట అంది: "పిండికి గడియారం సూపిస్తే పులిసిపోద్దేటిరా?" నలభై ఏళ్ళుగా ఇడ్లీ పిండి పులియబెడుతోంది, ఏనాడూ టైము చూడలేదు. గిన్నెలో పిండి ఎంత ఎత్తుకొచ్చిందో చూస్తుంది, మూత తీసి వాసన పడుతుంది. చలికాలం దుప్పటి కప్పుతుంది, ఎండాకాలం పడుకునే ముందే ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. పులియబెట్టే పని ఏదైనా ఇంతే. ఎన్ని రోజులన్నది పుస్తకంలో రాసి ఉండదు. ఈస్ట్ ఎంత ఉంది, ఎంత వేడిలో ఉంది, దానికి ఎంత తిండి పెట్టాం అన్న మూడింటిని బట్టి ఆ టైము మీ ఇంట్లోనే తేలుతుంది. ఆ లెక్క చేత్తో, కంటితో ఎలా పట్టుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్పాల్సిన మాట

ఈస్ట్ గురించి లోకానికి తెలిసిన దాంట్లో చాలా భాగం బీరు కాసేవాళ్ళు కనిపెట్టిందే. నేనూ అక్కడి నుంచే నేర్చుకున్నాను. కానీ మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అందుకని ఇక్కడ చేసేది బీరు కాదు, అల్లం సోడా. బీరు కాసేవాళ్ళు సీసాలో గాలి పుట్టించడానికి చివర్లో కొంచెం చక్కెర కొలిచి వేస్తారు. మనం ఆ చివరి మెట్టు ఒక్కటే తీసుకుంటున్నాం. కింద చెప్పిన కొలతతో చేస్తే ఆల్కహాల్ అర శాతం లోపే ఉంటుంది. ఉంటుందన్నది మాత్రం నిజం, దాచను. అందుకే మా ఇంట్లో చిన్నపిల్లలకి ఇది ఇవ్వం, వాళ్ళకి బెల్లం పానకమే. గర్భిణులు, మద్యం చుక్క కూడా పనికిరాని మందులు వాడేవాళ్ళు దీని జోలికి రావద్దు.

ఈస్ట్ అంటే ఎవరు

ఈస్ట్ పొడి కాదు, ప్రాణి. ఒకే ఒక్క కణం ఉన్న బూజు జాతి జీవి. పది ఈస్టుల్ని పక్కపక్కన పేరిస్తే ఒక వెంట్రుక మందం వస్తుంది. మంచి తిండి, 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే గంటన్నర, రెండు గంటల్లో ఒకటి రెండవుతుంది. బేకరీలో బ్రెడ్డుకి వేసేదీ, చాలా రకాల బీరుకి వేసేదీ ఒకే జాతి: శాకరోమైసిస్ సెరివిసియే.

మనిషి వేల ఏళ్ళుగా దీంతో పని చేయించుకుంటూ దీన్ని చూడనేలేదు. 1516లో జర్మనీలోని బవేరియాలో, బీరులో బార్లీ, హాప్స్ పువ్వు, నీళ్ళు తప్ప ఇంకేమీ వాడకూడదని చట్టం చేశారు. అందులో ఈస్ట్ పేరే లేదు, ఎందుకంటే అలాంటిది ఒకటి ఉందని ఎవరికీ తెలీదు. 1680లో లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో దాన్ని చూశాడు గానీ అది జీవి అని అనుకోలేదు. పులియడం ప్రాణమున్న జీవి చేసే పని అని 1857 నుంచి లూయీ పాశ్చర్ ప్రయోగాలతో నిరూపించుకుంటూ వచ్చాడు. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణాన్ని విడదీసి దాన్నుంచే మొత్తం ఈస్ట్ పెంచాడు. ఈ రోజు మనం ప్యాకెట్టులో కొనే ఈస్ట్, ఎప్పుడు వేసినా ఒకేలా పని చేసే ఈస్ట్, ఆ దారిలో వచ్చిందే.

మనవాళ్ళకి పేరు తెలీకపోయినా పని తెలుసు. తెల్లవారుజామున చెట్టు మీంచి దించిన తాటి కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి బుసబుసమని నురగ, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. అందులో ఎవరూ ఏమీ కలపలేదు. గాలిలోంచి, గెల కోతలోంచి, లొట్టి గోడలకి అంటుకున్న పాత మడ్డిలోంచి ఈస్ట్ దానంతటదే చేరింది. పులియని నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం ఘాటుకి ఈ జీవులు పని ఆపేస్తాయి. గీత పని చేసే మనిషికి ఈస్ట్ అన్న మాట చెప్పకపోయినా, దాన్ని ఎప్పుడు పని చేయనివ్వాలో, ఎప్పుడు ఆపాలో తెలుసు. నాకు దీని మీద గౌరవం పెరిగింది ఆ లొట్టి సున్నం సంగతి అర్థమయ్యాకే.

ఇడ్లీ పిండి సంగతి కొంచెం వేరు. అది పొంగడంలో ఎక్కువ పని ఈస్ట్‌ది కాదు, బాక్టీరియాది. మన తరవాణి పులుపు కూడా ఎక్కువగా బాక్టీరియా చలవే. వేడి పెరిగితే తొందర, చలైతే ఆలస్యం అన్న సూత్రం మాత్రం అందరికీ ఒకటే.

చక్కెర లెక్క

ఇది అర్థమైతే సీసా ఎందుకు పేలుతుందో అర్థమవుతుంది. ఈస్ట్ చక్కెరని తిని, దాదాపు సగాన్ని బొగ్గుపులుసు వాయువుగా, మిగతా సగాన్ని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ వాయువునే ఇక్కడ గాలి అంటున్నాను. గాలి కావాలి, ఆల్కహాల్ వద్దు అంటే కుదరదు. రెండూ కవలలు.

లీటరు నీళ్ళలో 100 గ్రాముల చక్కెర వేసి మూత బిగించామనుకోండి. అదంతా పులిస్తే సుమారు 51 గ్రాముల గాలి పుడుతుంది. మామూలు ఒత్తిడిలో అది 26 లీటర్ల గాలి. బజార్లో దొరికే కూల్‌డ్రింక్ సీసాలో లీటరుకి నాలుగు లీటర్ల లోపే ఉంటుంది. అంటే నా గాజు సీసాలో నేను పెట్టింది సోడా కాదు, బాంబు. ఆల్కహాల్ కూడా 6 శాతం దాటిపోతుంది, బీరుని మించిపోతుంది. ఇంటర్నెట్‌లో చాలా పద్ధతులు ఇలా తీపి నీళ్ళే సీసాలో పోసి, "గాలి పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టండి" అంటాయి. ఆ "పట్టగానే" అన్న మాట మీద సీసా ప్రాణం ఆధారపడి ఉంటుంది.

నేను ఆ దారి వదిలేశాను. లీటరుకి 6 గ్రాముల చక్కెర మాత్రమే వేస్తాను, అదంతా పులిసిపోనిస్తాను. తిండి అయిపోయాక ఈస్ట్ ఇంకేం చేయలేదు. లీటరు నీళ్ళలో లీటరున్నర పైన గాలి పడుతుంది, నాలుక మీద చురుక్కుమనడానికి అది చాలు. తీపి తాగేముందు గ్లాసులో కలుపుకుంటాం. మన సోడా బడ్డీల్లో నన్నారి షర్బత్ చేసేదీ ఇలాగే కదా, ముందు గ్లాసులో పాకం, ఆ పైన సోడా.

ఇంకో కారణం కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్ మీద నమ్మకంతో తీపి సీసాలు దాచుకునే పద్ధతి మన తీరానికి పనికిరాదు. ఫ్రిజ్ ఈస్ట్‌ని చంపదు, నిద్రపుచ్చుతుంది. కరెంటు పోయి చల్లదనం తగ్గగానే అది లేచి మళ్ళీ తినడం మొదలుపెడుతుంది. తినడానికి ఏమీ మిగల్చకపోతే భయం లేదు.

టైముని నిర్ణయించేవి

అన్నిటికంటే పెద్దది వేడి. 15 నుంచి 35 డిగ్రీల మధ్య, పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ పని వేగం సుమారు రెట్టింపు అవుతుంది. 20 దగ్గర నాలుగు రోజులు పట్టేది 30 దగ్గర రెండు రోజులకి వస్తుంది. 40 దగ్గరికి వచ్చేసరికి ఈస్ట్ ఇబ్బంది పడుతుంది, 50 దాటితే చచ్చిపోతుంది. గది వేడి కొలిచే చిన్న థర్మామీటర్ ఒకటి కొని సీసాల పక్కన పెట్టుకోండి. ఈ మొత్తం పనిలో మీరు కొనే వస్తువుల్లో అంతకంటే ఉపయోగపడేది లేదు. మేడ మీద గదికీ కింద గదికీ, పొయ్యి పక్క అరకీ దేవుడి గది మూలకీ ఎంత తేడా ఉంటుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

రెండోది, ఎంత ఈస్ట్ వేశామన్నది. పొలంలో ఇద్దరు కూలీలుంటే ఊడ్పు వారం, ఇరవై మంది ఉంటే ఒక పూట. కానీ టైము కలిసొస్తుంది కదా అని చెంచాలకొద్దీ వేయకండి, సోడా అంతా బ్రెడ్డు వాసనేస్తుంది. చాలా తక్కువ వేసినా చిక్కే. అవి పెరిగి బలపడేలోపు చెడ్డ బాక్టీరియా వచ్చి కూర్చుంటుంది.

మూడోది తిండి. చక్కెర ఒక్కటే సరిపోదు, కణం పెరగడానికి నత్రజని, ఖనిజాలు కూడా కావాలి. ఇలాంటి చిన్న పనికి అల్లం, నిమ్మ ఇచ్చేది చాలు.

బయటి గాలి సంగతి విచిత్రంగా ఉంటుంది. మొదట్లో ఈస్ట్ పెరగడానికి ఆక్సిజన్ కావాలి. తర్వాత బయటి గాలి తగలకూడదు, తగిలితే సోడా పుల్లగా మారే ప్రమాదం ఉంది. నీళ్ళు మరిగించినప్పుడు అందులోని ఆక్సిజన్ అంతా పోతుంది. అందుకే చల్లారాక టీ బడ్డీలో టీ ఎత్తి పోసినట్టు రెండు గిన్నెల మధ్య నాలుగైదు సార్లు ఎత్తి పోయాలి. చాలామంది ఈ చిన్న పని వదిలేసి, ఈస్ట్ మంచిది కాదని తిట్టుకుంటారు.

చేసే పద్ధతి

రెండు లీటర్లకి కావలసినవి: మంచి నీళ్ళు రెండున్నర లీటర్లు (మరిగి కొంచెం తగ్గుతాయి), అల్లం 100 గ్రాములు, చక్కెర 12 గ్రాములు (తలకొట్టిన టేబుల్ స్పూను ఒకటి), ఒక నిమ్మకాయ, బేకరీ సామాన్ల షాపులో దొరికే ఇన్‌స్టెంట్ డ్రై ఈస్ట్ టీ స్పూనులో ఎనిమిదో వంతు, అంటే చిన్న చిటికెడు. కూల్‌డ్రింక్ లేదా సోడా వచ్చిన 750 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలు మూడు. మంచినీళ్ళ సీసాలు వద్దు, అవి పల్చగా ఉంటాయి, ఒత్తిడికి ఆగవు. గాజు సీసాల గురించి నేను మళ్ళీ చెప్పక్కర్లేదు.

పాడేరు వైపు ఏజెన్సీ అల్లం సంతల్లో దొరికినప్పుడు అదే కొంటాను. పీచు ఎక్కువ, ఘాటు ఎక్కువ. చక్కెరకి బదులు బెల్లం వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. ఈస్ట్‌కి బెల్లం ఇష్టమే, ఖనిజాలు కూడా ఉంటాయి. కాకపోతే ఏ దిమ్మలో తడి ఎంతుందో తెలీదు కాబట్టి లెక్క తప్పుతుంది. సీసాలోకి చక్కెర, గ్లాసులోకి అనకాపల్లి బెల్లం. నా పద్ధతి ఇదే.

మొదట ఈస్ట్ బతికుందో లేదో చూడాలి. అర కప్పు గోరువెచ్చటి నీళ్ళు తీసుకోండి. వేలు పెడితే స్నానం నీళ్ళలా హాయిగా ఉండాలి, చురుక్కుమంటే ఎక్కువ. అందులో అర చెంచా చక్కెర, అర చెంచా ఈస్ట్ వేసి కదపకుండా పెట్టండి. మూడు నాలుగు నిమిషాల్లో పైన తేలిన గోధుమ రంగు గింజలు కరిగి, సన్నటి దారాల్లా కిందికి జారతాయి. కాసేపటికి అవే పైకి లేచి మీగడలా తెట్టు కడతాయి. చెవి దగ్గర పెట్టుకుంటే చిన్నగా చిటపటమని వినిపిస్తుంది. పదిహేను నిమిషాలకి నురగ రాకపోతే ఆ ప్యాకెట్టు పారేయండి. తెరిచిన ప్యాకెట్టుని మన తేమలో బయట వదిలేస్తే కొన్ని వారాల్లో నీరసపడిపోతుంది, గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఈ పరీక్ష నీళ్ళు సోడాలో పోయకండి, కొలత మారిపోతుంది. చపాతీ పిండిలో కలిపేసుకోవచ్చు.

తర్వాత సీసాలు కడగాలి. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చటి నీళ్ళు, ఆపైన సబ్బు పోయేదాకా కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళతో ఆఖరి తడవ. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ సీసా ముడుచుకుపోతుంది. మూత లోపలి మరల్లో పాత కూల్‌డ్రింక్ జిగురు ఉంటుంది, పాత టూత్ బ్రష్‌తో గీకండి. చెడిపోయిన బ్యాచ్‌ల్లో సగానికి కారణం నాకు అక్కడే దొరికింది.

అల్లం మట్టి పోయేలా కడిగి తురిమి, నీళ్ళలో వేసి పది నిమిషాలు మరగనివ్వండి. మున్సిపాలిటీ నీళ్ళల్లో ఉండే క్లోరిన్ కూడా ఆ మరుగుకి పోతుంది. పొయ్యి కట్టేసి, 12 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టండి. గిన్నె బయట చెయ్యి ఆనిస్తే వేడి తెలియనంత వరకూ చల్లారాలి. ఎండాకాలం గిన్నెని నీళ్ళ బేసిన్‌లో పెడితే త్వరగా అవుతుంది. వేడిగా ఉండగా ఈస్ట్ వేస్తే అక్కడితో కథ ముగిసినట్టే.

శుభ్రమైన పల్చటి గుడ్డలో వడకట్టండి. నేను పాత ఖద్దరు తువ్వాలుని ఉడకబెట్టి వాడతాను. నిమ్మరసం పిండి, చెప్పినట్టు నాలుగైదు సార్లు ఎత్తి పోసి, ఈస్ట్ చిటికెడూ చల్లి, ఐదు నిమిషాలయ్యాక కలపండి. సీసాల్లో పోసి పైన మూడు వేళ్ళ ఖాళీ వదిలి మూత గట్టిగా బిగించండి. మూత మీద తేదీ, టైము, ఆ పూట గది వేడి రాయండి. ఎండ తగలని మూల, మూత ఉన్న బకెట్టులో నిలబెట్టండి. పిల్లలు చెయ్యి పెట్టని చోటు చూసుకోండి.

ఇక సీసాని పట్టుకుని చూడటమే. పోసిన వెంటనే నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. కొన్ని గంటలకి నొక్కితే తిరిగి తోస్తుంది. ఇంకొన్ని గంటలకి, కొత్తగా కొన్న కూల్‌డ్రింక్ సీసాని నొక్కితే ఎలా ఉంటుందో అంత గట్టిపడుతుంది. పోలిక కోసం తెరవని కూల్‌డ్రింక్ ఒకటి పక్కన పెట్టుకోండి, మొదటి రెండుసార్లు చాలా ధైర్యం ఇస్తుంది. గట్టిపడ్డాక ఇంకో ఆరు గంటలు ఉంచండి. మిగిలిన చక్కెర కూడా అయిపోతుంది. సీసా అడుగున సన్నటి తెల్లటి మడ్డి దిగుతుంది. పని అయిపోయిన ఈస్ట్ అలా అడుక్కి చేరుతుంది.

అప్పుడు ఫ్రిజ్‌లో కనీసం ఎనిమిది గంటలు, వీలైతే ఒక రోజంతా ఉంచండి. నీళ్ళు 4 డిగ్రీలకి చల్లబడితే, గది వేడిలో కంటే రెట్టింపు దాకా గాలిని పట్టి ఉంచగలవు. చల్లబడకుండా తెరిస్తే గాలంతా నురగై సింకులోకి పోతుంది. మూత కొంచెం తిప్పి, ఉస్ అన్న శబ్దం ఆగాక మళ్ళీ తిప్పండి. గ్లాసులో ముందు రెండు చెంచాల బెల్లం పాకం, నిమ్మరసం, చిటికెడు ఉప్పు. ఆపైన గ్లాసు వంచి, గోడ మీంచి జారేలా సోడా. అడుగు మడ్డి సీసాలోనే వదిలేయండి.

మన కాలాలకి ఎంత టైము

మా ఇంట్లో రెండేళ్ళుగా సీసాల మూతల మీద రాసుకున్న లెక్కల్లోంచి చెబుతున్నాను. ఏప్రిల్, మే, జూన్ మొదట్లో వంటింట్లో 33 నుంచి 36 ఉంటుంది. ఉదయం పోసిన సీసా సాయంత్రానికి గట్టిపడటం మొదలుపెడుతుంది, మర్నాడు ఉదయానికి పూర్తి. వానలు పడి 28, 30 దగ్గర ఉంటే ఒకటిన్నర రోజు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి రాత్రులు కొంచెం చల్లబడతాయి, రెండు రోజులు పడుతుంది. డిసెంబరు, జనవరిలో ఇల్లు 20 నుంచి 23 మధ్య ఉంటే మూడు, నాలుగు రోజులు. సంక్రాంతికి చుట్టాలొస్తారని ముందు రోజు మొదలుపెడితే పండగ అయిపోయాక తాగాల్సి వస్తుంది. అదే శ్రీకాకుళంలో నాగావళి గట్టు మీద ఉండే మా అత్త ఇంట్లో అయితే మాకంటే కొన్ని గంటలు ఎక్కువే పడుతుంది. ఆ ఇంట్లో రాళ్ళ గోడలు, పెంకుల కప్పు. రెండు ఇళ్ళ మధ్యే ఇంత తేడా ఉంటే, వేరే దేశం నుంచి వచ్చిన "ఐదు రోజులు" ఎలా సరిపోతుంది?

మీ ఇంటి టైము పట్టుకోవాలంటే మొదటి బ్యాచ్ సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టి, ప్రతి నాలుగు గంటలకీ సీసా నొక్కి రాసుకోండి. రెండో బ్యాచ్ నుంచి టెన్షన్ ఉండదు.

ప్యాకెట్టు లేకుండా

అల్లం తొక్క మీదే ఈస్ట్ ఉంటుంది. మూడు చెంచాల తొక్కతో తురిమిన అల్లం, మూడు చెంచాల చక్కెర, రెండు కప్పుల కాచి చల్లార్చిన నీళ్ళు గాజు జాడీలో వేసి గుడ్డ కట్టండి. మూత బిగించకూడదు. రోజూ చెంచా అల్లం, చెంచా చక్కెర వేసి కలపండి. చలికాలం ఐదారు రోజులకి, ఎండాకాలం రెండు రోజులకే బుడగలు వస్తాయి. అప్పుడు అందులోంచి పావు కప్పు వడకట్టి ప్యాకెట్టు ఈస్ట్‌కి బదులు వాడొచ్చు. రుచి బాగుంటుంది, అల్లం ఘాటుకి సన్నటి పులుపు తోడవుతుంది. కానీ అందులో ఎన్ని కణాలున్నాయో, ఎంత చక్కెర మిగిలిందో చెప్పలేం కాబట్టి గాలి, ఆల్కహాల్ లెక్క గట్టిగా నిలవదు. ప్యాకెట్టుతో కనీసం ఐదారు సార్లు చేసి చేయి కుదిరాక దీనికి రండి.

బీరుకి రెండు వారాలు ఎందుకు

విదేశాల్లో ఉండే మనవాళ్ళు ఈ ప్రశ్న అడుగుతారు. అమెరికాలో 1978లో చేసిన చట్టంతో ఇంటి అవసరానికి బీరు కాసుకోవడానికి అనుమతి వచ్చింది. అక్కడున్న నా స్నేహితుడు కాస్తాడు. అతని తొందర కూడా నా తొందర లాంటిదే.

ఏల్ రకం బీరులో చక్కెరంతా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, 18 నుంచి 22 డిగ్రీల మధ్య. కానీ అప్పుడే తాగితే పచ్చి ఆపిల్ వాసన, వెన్న వాసన తగులుతాయి. అవి ఈస్ట్ హడావుడిగా పని చేస్తూ బయటికి వదిలినవి. పని తగ్గాక ఈస్టే వాటిని తిరిగి లోపలికి తీసుకుని శుభ్రం చేస్తుంది. దానికే మిగతా వారం, పది రోజులు. లాగర్ రకం ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చలిలో పని చేస్తుంది కాబట్టి వారాలు పడుతుంది, ఆపైన చలిలో నిల్వ. వేడి పెంచి తొందరపెడితే ఏల్ ఈస్ట్ గోళ్ళరంగు లాంటి వాసనలు, తలనొప్పి ఘాటు తెస్తుంది. నార్వే పల్లెల్లో తరాలుగా దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ మాత్రం 35 డిగ్రీల పైనా హాయిగా పని చేసి నాలుగు రోజుల్లో ముగిస్తుంది. అంత చలి దేశంలో ఇంత వేడి ఓర్చుకునే ఈస్ట్ పుట్టడం నాకిప్పటికీ వింతే.

బీరు పులిసే డబ్బా మూతకి వాయువు బయటికి పోవడానికి పెట్టే గాలి గొట్టంలో బుడగలు ఆగాయి కాబట్టి అయిపోయిందనుకోవడం అందరూ చేసే తప్పు. మూత సరిగా బిగకపోయినా బుడగలు ఆగుతాయి. చలి పెరిగినా ఆగుతాయి. హైడ్రోమీటర్‌తో బీరు సాంద్రత (మామూలు నీళ్ళది 1.000) చూడాలి. 1.050 దగ్గర మొదలైంది 1.010 దగ్గరికి వచ్చి, రెండు మూడు రోజులు అక్కడే నిలబడితే అయినట్టు. అది తేలకుండా సీసాల్లో పోస్తే జరిగేది మా అలమరలో జరిగిందే.

ఏదైనా తేడా వస్తే

సీసా రెండు రోజులైనా గట్టిపడలేదా? ముందు మూత చూడండి, తర్వాత గది వేడి. రెండూ బాగుంటే వేడి నీళ్ళలో ఈస్ట్ చచ్చిపోయి ఉంటుంది. ఈస్ట్ పని చేయని నీళ్ళు మన వేడిలో రెండు రోజులు నిలవుంటే ఏం చేరిందో తెలీదు, పారబోసి కొత్తగా చేసుకోవడమే.

కుళ్ళిన గుడ్డు వాసన కొంచెంగా వస్తే భయపడక్కర్లేదు, ఈస్ట్ తిండి సరిపోక ఒత్తిడిలో పని చేసింది. చల్లబడి, గ్లాసులో పోశాక చాలావరకూ పోతుంది. వెనిగర్ వాసనొస్తే మూత వదులై గాలి చొరబడింది. తీగలా సాగితే చెడ్డ బాక్టీరియా చేరింది, పారబోయండి. పైన పచ్చగా, నల్లగా, గులాబీ రంగులో బూజు కనిపిస్తే రుచి కూడా చూడొద్దు, ఆ సీసాని కూడా పారేయండి. జాడీ పైన మాత్రం పల్చటి తెల్లటి పొర, ముడతలు పడ్డ పాల మీగడలా వస్తుంటుంది. అది హానికరం కాదు గానీ రుచి పాడుచేస్తుంది, నేనైతే కొత్త జాడీ మొదలుపెడతాను.

సీసా చెప్పినదానికంటే గట్టిగా, అడుగు ఉబ్బి నిలబడలేకుండా ఉంటే చక్కెర కొలత ఎక్కడో తప్పింది. దాన్ని అక్కడికక్కడే తెరవకండి. తడి తువ్వాలు చుట్టి, మొహం దూరంగా పెట్టుకుని ఫ్రిజ్‌లోకి చేర్చండి. మర్నాడు పెరట్లో, తువ్వాలు తీయకుండానే, మూత రవ్వంత తిప్పి వదిలి, గాలి పోయాక మళ్ళీ తిప్పండి. ఒక్కో సీసాకి ఐదు నిమిషాలైనా పడుతుంది.